చావు లేని ఇంటికి అప్పం

“ఈ ఏడు మనింట్లో పెసహా అప్పం లేదు.”

ఆ మాట అనేసి వర్కీ చెప్పులు విడిచాడు. తువ్వాలు దండెం మీద పడేసి, వసారాలో వాలుకుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే చర్చి నుంచి వచ్చాడు. యేసు శిష్యులతో పెసహా విందు చేసిన పెద్ద గురువారం కదా, ఫాదరు గారు పన్నెండు మంది మగవాళ్ళ కాళ్ళు కడిగారు. చర్చి పెద్దల్లో ఒకడు కాబట్టి ఆ పన్నెండు మందిలో వర్కీ కూడా ఉన్నాడు.

భార్య ఏలిక్కుట్టి చేతిలో సగం కోరిన కొబ్బరిచిప్ప ఉంది. అది అలాగే ఉండిపోయింది.

“ఏమన్నారు?”

“చెవుడా నీకు? అప్పం లేదన్నాను. పాలూ లేవు. ఇంత గంజి కాయి, చాలు.”

“ఎవరు పోయారని?”

వర్కీ కళ్ళు మూసుకున్నాడు.

ఏలిక్కుట్టి మళ్ళీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. మా కొండ మీద పెసహా సాయంత్రం అప్పం పొయ్యి వెలగని ఇల్లంటే ఒకటే అర్థం. ఆ ఏడాదిలో ఆ ఇంట చావు జరిగింది. చావు జరిగిన ఇంట అప్పం చేసుకోరు. ఇరుగుపొరుగు వాళ్ళే చేసి, గుడ్డ కప్పి తెచ్చి ఇస్తారు.

వర్కీ ఇంట్లో ఎవరూ చావలేదు. చావాల్సిన వయసున్న మనిషి, వర్కీ తల్లి మరియమ్మ, గుమ్మం పక్కన పీట మీద కూర్చుని పనసగింజలు ఒలుస్తోంది. పెద్దకొడుకు పౌలోస్ రబ్బరు షీట్లు ఆరేసే కొట్టంలో ఉన్నాడు. చిన్నకొడుకు సిరియాక్ కూడా ఉన్నాడు, ఇంటి వెనక, మిరియాల తీగల దగ్గర. బతికే ఉన్నాడు. కాకపోతే ఒంటి మీద తెల్ల అంగీ లేదు, గళ్ళ లుంగీ ఉంది. అదే వాడి నేరం.

ఈస్టరు వెళ్ళాక వాడికి డీకన్ పట్టం, ఆ తర్వాత ఫాదరు అవుతాడు అని కొండంతా తెలుసు. ఇంటికి సున్నం కూడా వేయించారు. అలాంటిది రెండు వారాల కిందట ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఫాదర్ల చదువు చెప్పే సెమినరీ నుంచి బస్సు దిగాడు. “కొన్నాళ్ళు ఇంట్లో ఉంటాను” అన్నాడు. ఆ రోజు నుంచి తండ్రి వాడితో ఒక్క ముక్క మాట్లాడలేదు.

“ఒరే వర్కీ” అంది మరియమ్మ, పనసగింజ మీంచి చూపు తీయకుండా. “కాళ్ళు బాగా కడిగారా ఫాదరు గారు?”

“కడిగారు.”

“రెండూనా?”

“రెండూ కడగరా మరి! ఏం ప్రశ్న అది?”

“ఏం లేదురా. కాళ్ళు ఆయన కడిగాడు సరే, మనసు ఎవరు కడుగుతారా అని.”

వర్కీ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. యాభై రోజుల ఉపవాసానికి చుట్ట మానేశాడు మహానుభావుడు. చుట్ట ఉంటే ఆ కోపం కొంచెం పొగలో పోయేది. ఇప్పుడంతా కడుపులోనే ఉంది.

ఏలిక్కుట్టి కొబ్బరిచిప్ప కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏడవకే” అంది అత్తగారు. “ఏడిస్తే పనసగింజలు ఎవరు ఒలుస్తారు?”

“తొమ్మిదేళ్ళ తర్వాత పెసహాకి ఇంట్లో ఉన్నాడు అత్తమ్మా. తొమ్మిదేళ్ళుగా వాడి ముక్క తీసి పక్కన పెడుతున్నాను. ఎప్పుడన్నా వస్తాడేమోనని. ఆదివారం దాకా చూసి, పారేయలేక నేనే తింటున్నాను. ఈ ఏడు మనిషి ఉన్నాడు, అప్పం లేదంటారు!”

“లేదన్నది వాడు. నేనన్నానా?”

ముసలావిడ గింజల చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఎక్కడికమ్మా అంటే చెప్పలేదు.

పౌలోస్ తమ్ముణ్ణి మిరియాల తీగల దగ్గర నుంచి కొట్టంలోకి పిలిచి నిలదీస్తున్నాడు. పౌలోస్‌కి నాలుక మీద తాళం లేదు. పెళ్ళాం పురిటికి పుట్టింటికి వెళ్ళి నెల కావస్తోంది. కాన్పు రోజు దగ్గరపడే కొద్దీ వాడికి ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

“చెప్పరా. అక్కడేం వెలగబెట్టావు?”

“ఏమీ లేదు చేట్టాయీ” అన్నాడు సిరియాక్, అన్నని ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే.

“ఆడపిల్లా?”

“కాదు.”

“ఎవరినైనా కొట్టావా?”

“నేనా?”

“అవునులే, నీకంత సీను లేదు. మరి? అప్పచ్చన్ ఈ ఏడు అప్పం లేదన్నాడు, విన్నావా? అంటే ఏమిటో తెలుసా? నువ్వు చచ్చావని! బతికున్న కొడుక్కి చావు పెట్టాడు. నువ్వేమో మిరియాలు ఏరుకుంటున్నావు.”

సిరియాక్ మొహం పాలిపోయింది. వాడు కాసేపు షీట్ల మీద చేయి రాస్తూ నిలబడ్డాడు.

“ఆయన అడిగితే చెబుతాను చేట్టాయీ. ఎందుకొచ్చావురా అని ఒక్కసారి అడగలేదు. రోజూ జపం అయ్యాక స్తుతి చెబుదామని చూస్తాను. ఆ టైముకి లేచి పశువుల దగ్గరికి పోతాడు.”

అది నిజమే. మా ఇళ్ళలో సాయంత్రం జపమాల అయ్యాక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు చేతులు జోడించి స్తుతి చెబుతారు. ‘యేసుక్రీస్తుకు స్తుతి కలుగు గాక’ అంటే, ‘ఇప్పుడూ ఎప్పుడూ కలుగు గాక’ అని పెద్దవాళ్ళు బదులు చెప్పి తీరాలి. అలిగినా చెప్పాలి, తిట్టుకున్నా చెప్పాలి. బదులు చెప్పకపోవడం ఎక్కడా లేదు. వర్కీ పద్ధతి తప్పే మనిషి కాదు కాబట్టి పద్ధతి మొదలయ్యే లోపలే లేచిపోతున్నాడు. రెండు వారాలుగా ఆ ఇంటి ఆవుకి వేళాపాళా లేకుండా గడ్డి దొరుకుతోంది.

“అయితే నాకు చెప్పు” అన్నాడు పౌలోస్.

“మొదట ఆయనకే చెప్పాలి. నీకు చెబితే అది నీ నోటి మీదుగా ఆయనకు చేరుతుంది. అలా చేరకూడదు.”

“ఓహో! మహా గొప్ప రహస్యం!” అన్నాడు పౌలోస్. కానీ గొంతులో పస లేదు.

అదే సమయానికి మరియమ్మ వాగు గట్టున కంచె దగ్గరికి చేరింది. కంచె అవతల ఒరోతమ్మ ఇల్లు. ఒరోతమ్మ మినప్పప్పు కడుగుతోంది.

“ఒరోతా, ఒక బెల్లం అచ్చు ఇస్తావా?”

“ఇస్తాను గానీ, పాలలోకి మీరు తెచ్చుకోలేదా?”

“పాల మాట ఎందుకులే అమ్మా. మా ఇంట్లో ఈ ఏడు అప్పం లేదు. వర్కీ చేయొద్దన్నాడు.”

ఒరోతమ్మ చేతిలో నీళ్ళు కారిపోయాయి.

“అయ్యో దేవుడా! ఎందుకని?”

“ఏం చెప్పమంటావు తల్లీ” అని మరియమ్మ నిట్టూర్చి, బెల్లం అచ్చు తీసుకుని వచ్చేసింది.

చూశారు కదా, ముసలావిడ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడే మనిషి కాదు కూడా. పవిత్ర వారంలో అసలే ఆడదు.

సాయంత్రానికి కొండ మీద మబ్బు పట్టింది. రెండు ఉరుములు ఉరిమాయి, కరెంటు పోయింది. ఏలిక్కుట్టి లాంతరు వెలిగించి బల్ల మీద పెట్టింది. అందరూ మోకరించారు. జపమాల మొదలైంది. పక్క ఇళ్ళ నుంచి ఆవిరి అప్పం వాసన, జీలకర్ర, చిన్న ఉల్లిపాయ వాసన గాలితో పాటు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. ఏలిక్కుట్టి గొంతు మాత్రం ఒకటి రెండుసార్లు తడబడింది.

ఆఖరి ప్రార్థన అవుతూనే వర్కీ లేచాడు. సిరియాక్ చేతులు జోడించి లేచేసరికి తండ్రి గుమ్మం దాటుతున్నాడు.

దాటలేకపోయాడు. గుమ్మంలో ఒరోతమ్మ నిలబడి ఉంది.

తలమీద ముసుగు, చేతుల్లో పళ్ళెం, పళ్ళెం మీద తెల్ల గుడ్డ. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లోనూ గుడ్డ కప్పిన పళ్ళేలు. ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

“వర్కీచ్చా” అంది ఒరోతమ్మ. “ఎంత పని జరిగిపోయింది! మాకు కబురైనా చేయలేదే!”

“ఏ కబురు?”

“పసిదానికి నిండా పాతికేళ్ళు లేవు. తల్లి దక్కలేదు, బిడ్డయినా దక్కిందా?”

లోపల పౌలోస్ చేతిలో జపమాల టపీమని కింద పడింది. వాడు బల్లని గుద్దుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? ఎవరికేమైంది? నా పెళ్ళానికేమైంది?”

ఒరోతమ్మ వాణ్ణి చూసి భోరుమంది. “నీకూ చెప్పలేదా నాయనా!”

“ఏం చెప్పలేదు? అప్పచ్చా! ఏం చెప్పలేదు నాకు? ఎప్పుడొచ్చింది కబురు?”

“ఏ కబురూ రాలేదురా!” అని అరిచాడు వర్కీ. “నీ పెళ్ళాం శుభ్రంగా ఉంది. నిన్ననే వాళ్ళ నాన్న సంతలో కనబడి మామిడికాయలు కూడా ఇచ్చాడు.”

పౌలోస్ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. “నా ప్రాణం తీశారు గదమ్మా” అన్నాడు సన్నగా.

ఒరోతమ్మ ఏడుపు ఆగింది. ముసుగు వెనక్కి తోసి అందరినీ లెక్కపెట్టినట్టు చూసింది. మరియమ్మ ఉంది. ఏలిక్కుట్టి ఉంది. మగవాళ్ళు ముగ్గురూ ఉన్నారు.

“మరి ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు.”

“పోకపోతే అప్పం ఎందుకు చేయలేదు?”

వర్కీ తల తీసి మొల వేసినట్టు నిలబడ్డాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాంతరు వెలుగులో సిరియాక్ ఇంకా చేతులు జోడించుకునే ఉన్నాడు. స్తుతి చెప్పడానికి జోడించిన చేతులు, దించడం మర్చిపోయాడు.

ఒరోతమ్మ వాణ్ణి చూసింది. తర్వాత వర్కీని చూసింది. ఆవిడ మందమతి కాదు.

“ఓహో” అంది. “వీడా పోయింది?”

“ఒరోతమ్మా, నువ్వు ఇంటికి వెళ్ళు.”

“వెళతాను. చావింటికి అప్పం తెచ్చాను, ఇచ్చి వెళతాను. ఊరికే పట్టుకుపోతే దోషం.” పళ్ళెం ముందుకు చాపింది. “తీసుకో. ఒక్క మాట అని తీసుకో. ‘నా కొడుకు పోయాడు’ అను.”

“ఏం మాటలవి!”

“మా స్కరియా చనిపోయిన ఏడు నువ్వే తెచ్చావు కదయ్యా అప్పం. ఇదే గుడ్డ కప్పి తెచ్చావు, మీ ఇంటి గుడ్డ, నేను తిరిగి ఇవ్వనేలేదు. నా గుమ్మంలో నిలబడి ఎవరు పోయారని అడిగావా? అడగలేదు. తెలుసు కాబట్టి. నేను ఆ మాట నోటితో అన్నాను నీ ఎదురుగానే. ‘నా కొడుకు పోయాడు వర్కీచ్చా’ అన్నాను. ఆ మాట అనడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వూ అను. అంటే పళ్ళెం ఇచ్చి వెళ్ళిపోతాను.”

ఎక్కడో దూరంగా ఉరిమింది. వాన మాత్రం పడలేదు.

వర్కీ పెదాలు కదిలాయి. ఏలిక్కుట్టి రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుంది. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తే ఇక ఆ ఇంట్లో తను ఎలా ఉండాలో ఆమెకు తెలియలేదు.

రాలేదు. వర్కీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరవై ఏళ్ళ మనిషి, ఎడం చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“తీసుకుపో ఒరోతమ్మా” అన్నాడు. “నీ అప్పం నీ పిల్లలకి పెట్టు. మా ఇంట్లో మేం చేసుకుంటాం.”

“ఆఁ?”

“చేసుకుంటామన్నాను. ఎవరూ పోలేదు మా ఇంట్లో.”

ఒరోతమ్మ ముక్కు చీది, పళ్ళెం చంకకి ఎత్తుకుంది. “ఆ మాట పొద్దున్నే అని ఉంటే నా కన్నీళ్ళయినా మిగిలేవి” అంది. వెనక ఒకావిడ కిసుక్కున నవ్వింది, ఇంకో ఆవిడ ఆమె మోచేతి మీద పొడిచింది. ముగ్గురూ దారి దిగుతూ గలగలా మాట్లాడుకోవడం వాగు దాటేదాకా వినబడింది. రేపు పొద్దున సిలువ మార్గం నడకకి కొండ మీద అందరికీ కొత్త కబురు ఉంటుంది. ఉండనీండి, చావు కబురు కాదు కదా.

“చేసుకుంటామని గొప్పగా అన్నారు” అంది ఏలిక్కుట్టి. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే వంటింటి వైపు పరుగు పెడుతోంది. “పప్పు నానబోయలేదు, బియ్యం దంచలేదు. ఇప్పుడెక్కడి నుంచి వస్తుంది?”

“ఆ అటక కింద మూకుడు తీసి చూడు” అంది మరియమ్మ.

మూకుడు కింద మినప్పప్పు నాని ఉబ్బి ఉంది. పక్కనే గిన్నెలో జల్లించిన బియ్యప్పిండి. ఆ పక్కన బెల్లం అచ్చు.

“అత్తమ్మా!”

“నా వాటా అప్పం నేను చేసుకుందామనుకున్నానే. మీరు మానుకుంటే నేనెందుకు మానాలి? తొంభై ఏళ్ళుగా తింటున్నాను.”

కరెంటు లేదు కాబట్టి మిక్సీ లేదు. పౌలోస్ రుబ్బురోలు ముందు కూర్చున్నాడు. పెళ్ళాం బతికి ఉన్న ఆనందంలో వాడు ఎంత పప్పయినా రుబ్బేట్టున్నాడు. ఏలిక్కుట్టి కొబ్బరి కోరింది. సిరియాక్ వెల్లుల్లి ఒలిచాడు. పొయ్యి మండింది. పిండి కలిపి పళ్ళెంలో పోశాక ఏలిక్కుట్టి ఆగింది. మట్టలాదివారం చర్చిలో ఇచ్చిన లేత కొబ్బరాకు దేవుడి పటం వెనక దోపి ఉంది. దాన్ని చీల్చి సిలువగా అప్పం మీద పెట్టాలి. ఏటా అది ఇంటి పెద్ద చేసే పని.

వర్కీ ఆకు తీసి రెండుగా చీల్చాడు. ఒకటి తన చేతిలో ఉంచుకుని రెండోది సిరియాక్ వైపు చాపాడు. సిరియాక్ అందుకున్నాడు. తండ్రి నిలువు ముక్క పెట్టాడు, కొడుకు అడ్డం ముక్క పెట్టాడు. ఏలిక్కుట్టి మూత పెట్టేసి మొహం అటు తిప్పుకుంది.

అప్పం ఉడికి బల్ల మీదికి వచ్చింది. పక్కన బెల్లం వేసి కాచిన కొబ్బరిపాలు. అందరూ నిలబడ్డారు. ప్రార్థన అయింది. వర్కీ కత్తి తీసుకున్నాడు గానీ కోయలేదు. పగ ఉంచుకుని పెసహా అప్పం కోయకూడదు. అది ఆయనకు ఆయన తండ్రి నేర్పిన మాట.

“ఒక్క మాట అడుగుతాను” అన్నాడు, అప్పం వైపే చూస్తూ. “నిజం చెప్పు. అక్కడ ఏమైనా తప్పు చేశావా?”

“లేదు అప్పచ్చా.”

“నిన్ను ఎవరైనా ఏమైనా చేశారా?”

“లేదు.”

“పంపేశారా?”

“లేదు. నేనే సెలవు అడిగి వచ్చాను. ఈస్టరు వెళ్ళాక పోయి చెప్పాలి, పట్టం తీసుకుంటానో లేదో.”

“ఆగాగు” అన్నాడు పౌలోస్. “అంటే నువ్వు మానేయలేదా?”

“మానేశానని ఎప్పుడన్నాను?”

“మరి ట్రంకుపెట్టె ఎందుకు తెచ్చావు?”

“దాంట్లో బట్టలున్నాయి చేట్టాయీ.”

మరియమ్మ నోట్లో పళ్ళు లేకపోయినా నవ్వు ఆగలేదు. ఏలిక్కుట్టి బల్ల మీద చేయి ఆన్చి గట్టిగా ఊపిరి వదిలింది. రెండు వారాలుగా పట్టి ఉంచిన ఊపిరి అది. వర్కీ భుజాలు కూడా కొంచెం కిందికి దిగాయి. కానీ కత్తి ఇంకా గాలిలోనే ఉంది.

“మరి ఎందుకొచ్చావురా?”

సిరియాక్ ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ చూశాడు.

“అక్కడ నాకో ఆత్మగురువు ఉన్నారు. మనసులో మాట ఆయనకి చెప్పుకుంటాం. పట్టం దగ్గర పడింది కదా, దేవుడి పిలుపు నీకు స్పష్టంగా వినిపిస్తోందా అని అడిగారు. వినిపిస్తోంది అన్నాను. ఎవరి గొంతులా ఉంది అన్నారు.” వాడు తండ్రి మొహంలోకి చూశాడు. “ఆలోచిస్తే మీ గొంతులా ఉంది అప్పచ్చా.”

“నా గొంతా?”

“నన్ను పిలుస్తోంది దేవుడో మీరో నాకు తెలియలేదు. అదే చెప్పాను ఆయనకి. అయితే ఇంటికి పో, ఆ గొంతు ఉన్నచోటే కొన్నాళ్ళు ఉండు, రెండూ వేరువేరుగా వినబడతాయేమో చూడు అన్నారు. వచ్చాను. వచ్చిన రోజు నుంచి మీరు మాటే మానేశారు.”

“నేనెప్పుడు పిలిచాన్రా నిన్ను? ఒక్కనాడైనా ఫాదరువి కమ్మని అన్నానా? అడగండి వీళ్ళని!”

“అడగక్కర్లేదు, నేనే చెబుతాను” అంది మరియమ్మ. “నాలుగేళ్ళవాడికి నీ ఉత్తరీయం భుజాన కప్పి, అప్పడాల ముక్కలు చేతికిచ్చి, పూజ చేయించి, మమ్మల్నందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది ఎవర్రా? చుట్టాలొస్తే ‘మా చిన్న ఫాదరు’ అని ముందుకు తోసింది ఎవరు?”

“అది ముద్దుకి.”

“వీడు జామచెట్టు ఎక్కితే ‘ఫాదర్లు చెట్లెక్కరు, దిగు’ అన్నారు” అంది ఏలిక్కుట్టి, ఎప్పటి నుంచో దాచుకున్నట్టు. “పక్క చెట్టు మీద పౌలోసు ఉన్నాడు. వాణ్ణి దిగమనలేదు.”

“పడి చెయ్యి కూడా విరగ్గొట్టుకున్నాను” అన్నాడు పౌలోస్ గర్వంగా.

వర్కీ ముగ్గురినీ చూశాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ కుదరలేదు. కత్తి బల్ల మీద పెట్టాడు. అప్పం మీంచి ఆవిరి సన్నబడింది.

“చర్చి బయట నన్ను చూసి మాటలాపేస్తున్నార్రా” అన్నాడు చివరికి. గొంతు చాలా తగ్గించి. “ఏదో తప్పు చేసి వచ్చావనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని భయం వేసింది. అందుకే అడగలేదు. నీ మీద కోపం కాదు. కోపమే అనుకో, కానీ భయం ఎక్కువ.”

“తెలియలేదు అప్పచ్చా.”

“నువ్వు పూజ చేస్తుంటే ముందు వరసలో కూర్చోవాలని నాకు ఆశ. చెప్పకపోవడం దేనికి, ఆశే. నిన్ను ఎత్తుకున్న రోజు నుంచీ ఉంది.” కత్తి మళ్ళీ తీసుకున్నాడు. “సరే. ఇవాళ్టి నుంచి నేను పిలవను. ఆ ఊసే ఎత్తను. ఇక మీదట నీకేమైనా వినిపిస్తే అది నేను కాదు.”

అని అప్పం కోశాడు.

మొదటి ముక్క తల్లికి, తర్వాత భార్యకి, తర్వాత పౌలోస్‌కి. ఆఖరి ముక్క పాలలో ముంచి సిరియాక్ చేతుల్లో పెట్టాడు. వాడు రెండు చేతులూ చాచి అందుకున్నాడు. తొమ్మిదేళ్ళయింది ఆ రుచి తగిలి. ఉప్పు తక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు. ఏలిక్కుట్టికి మాత్రం ఆ ఏడు వాడి ముక్క తను తినాల్సిన అవసరం లేకపోయింది. ఆమె వాడు నమిలి మింగేదాకా చూస్తూ నిలబడింది.

తినడం అయ్యాక సిరియాక్ తండ్రి ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“యేసుక్రీస్తుకు స్తుతి కలుగు గాక.”

వర్కీ పశువుల కొట్టం వైపు చూడలేదు. కొడుకు తల మీద చేయి పెట్టాడు.

“ఇప్పుడూ ఎప్పుడూ కలుగు గాక.”

“అదంతా సరేరా” అంది మరియమ్మ, వేళ్ళు నాకుతూ. “మరి దేవుడూ పిలవకపోతే?”

వర్కీ కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

“పిలవకపోతే వానలు పడగానే రబ్బరు కోతకి ఓ మనిషి తక్కువున్నాడు” అన్నాడు వర్కీ. అని, తనకు తానే ఆశ్చర్యపోయినట్టు నవ్వాడు. ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడి చాలా రోజులైంది.

కరెంటు వచ్చింది. ఏలిక్కుట్టి గిన్నెలు తీసింది. సిరియాక్ మెట్లు దిగి వాకిట్లోకి వెళ్ళాడు. ఈ వేళకి చర్చి గంట కొడుతుంది. తొమ్మిదేళ్ళుగా గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్నవాడు. అలవాటు కొద్దీ కొండ పైకి చెవి పెట్టాడు. గంట మోగలేదు. ఈస్టరు పూజ దాకా మోగదని అప్పుడు గుర్తొచ్చింది. పెసహా నుంచి గంటలకు నోరుండదు.

మబ్బు విడిపోయింది. వాడు లోపలికి రాలేదు. తల కొంచెం ఒక పక్కకి వంచి, అలాగే నిలబడి ఉన్నాడు.

“చల్లగాలి తగులుతుంది పిల్లాడికి” అని ఏలిక్కుట్టి గుమ్మంలోకి వచ్చింది. కేకేయబోయింది.

వర్కీ వెనక నుంచి ఆమె భుజం పట్టుకున్నాడు.

“ఉండనీ” అన్నాడు మెల్లగా. “రావాలనిపించినప్పుడు వస్తాడు.”

ఏలిక్కుట్టి లాంతరు తెచ్చి మెట్టు మీద పెట్టింది. తలుపు మాత్రం వేయలేదు.